కంటి కొలతకు లొంగని డబ్బా

యూఏఈలోని అజ్మాన్‌లో, ఖోర్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఒక పడవల యార్డులో ఫైబర్ పనికి చేరిన మొదటి రోజు ఉస్తాద్ నాకు చూపించింది పడవను కాదు, రెండు డబ్బాలను. ఒకటి షెడ్డుకు ఈ మూల, ఇంకొకటి ఆ మూల పెట్టి ఉన్నాయి. ఒకదానిలో ఊదా రంగు కోబాల్ట్, రెండవదానిలో నీళ్ళలా తేటగా ఉండే హార్డ్‌నర్. గాజు నారను తడిపే చిక్కటి ద్రవం రెసిన్, దాన్ని తొందరగా గట్టిపడేలా చేసేది కోబాల్ట్; ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపిన తరువాతే హార్డ్‌నర్ వేయాలని, ఈ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే భగ్గుమని పేలతాయని, హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపు పోతుందని, అందుకే కుళాయి ఎక్కడుందో కళ్ళు మూసుకుని కూడా వెళ్ళగలిగేలా గుర్తు పెట్టుకోవాలని ఆయన మలయాళం యాస కలిసిన హిందీలో చెప్పారు. కొల్లం నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఆ ఒడ్డునే ఉన్న మనిషి. నన్ను నిజంగానే కళ్ళు మూయించి కుళాయి దాకా నడిపించారు.

మాది శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు. మా ఊళ్ళో చెక్క తెప్పలు పోయి ఫైబర్ బోట్లు రావడం చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఆ తెల్లని పడవలు ఫ్యాక్టరీలో యంత్రం నుంచి ఊడిపడతాయని అనుకునేవాణ్ణి. నిజానికి అది చేతిపని. అక్కడి జాలర్లు తర్రాద్ అని పిలిచే పొడవాటి వేట పడవ అయినా, షేక్‌ల సరదా పడవ అయినా, మౌల్డుకు మైనం రుద్ది, దాని మీద అర మిల్లీమీటరు మందాన జెల్‌కోట్, అంటే పడవ పై మెరుగు పూత, కొట్టి, ఆ తరువాత పొర మీద పొరగా గాజు నార పరిచి, రెసిన్‌తో తడిపి, రోలర్‌తో ఒత్తి చేయవలసిందే. ఖరీదైన యార్డుల్లో వాక్యూమ్ పద్ధతులు ఉన్నాయి. మా యార్డులో ఉన్నవి బకెట్లు, బ్రష్‌లు, మేమూ.

పాలిస్టర్ రెసిన్ స్వభావం తెలియాలంటే పాలు తోడు వేయడం గుర్తు తెచ్చుకుంటే చాలు. స్టైరీన్ అనే ద్రవంలో కరిగి ఉన్న ఆ రెసిన్‌కు గట్టిపడే శక్తి దానిలోనే ఉంటుంది, హార్డ్‌నర్ చేసేది దాన్ని కదిలించడమే. కిలో రెసిన్‌కు చలికాలంలో 20 గ్రాములు, ఎండాకాలంలో 10 గ్రాములు వేసేవాళ్ళం. కొంచెం ఎక్కువైతే తొందరగా, కొంచెం తక్కువైతే ఆలస్యంగా, మొత్తానికి తోడుకుంటుంది. సీసా మూతే మా కొలత. గాలిలో తేమ, రెసిన్ డబ్బా వేడి, మౌల్డు పరిమాణం చూసి మూతలో ఎంత వంచాలో ఉస్తాద్ ఒక్క క్షణంలో తేల్చేవారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ అంచనా నా చేతికీ వచ్చింది, దానితో పాటు కొంత గర్వమూ వచ్చింది. ఈ కంటి కొలతకూ ఒక గీత ఉంది. ఎండలు ఎంత ముదిరినా ఒక శాతానికి దిగువకు పోతే పడవ పైకి ఆరినట్టు కనిపించి లోపల మెత్తగా మిగిలిపోతుంది. అందుకే ఆగస్టులో హార్డ్‌నర్‌ను తగ్గించకుండా, బకెట్‌లో రెసిన్‌ను తగ్గించి, తెల్లవారుజామున నాలుగు గంటలకే పని మొదలుపెట్టేవాళ్ళం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ఆ దేశంలో నియమం ఉంది. మా షెడ్డుకు రేకుల కప్పు ఉంది కాబట్టి అది ఆరుబయలు కిందికి రాదని మా సూపర్‌వైజరు వాదన. రేకు కింద ఉన్నవాడికి మాత్రమే ఆ వాదనలోని వేడి తెలుస్తుంది.

పనిలో నాకు నచ్చిన ఘట్టం మ్యాట్, అంటే గాజు నార చాప, తడవడం. 450 గ్రాముల మ్యాట్ చదరపు మీటరుకు సుమారు కిలో రెసిన్ తాగుతుంది. పొడిగా ఉన్నప్పుడు అది తెల్లగా, బిరుసుగా, మూల దగ్గర వంగనని మొండికేస్తుంది. రెసిన్ తగిలిన అర నిమిషానికి దాని నారలను అంటిపెట్టుకున్న జిగురు స్టైరీన్‌లో కరిగిపోయి, మ్యాట్ తడి గుడ్డలా మెత్తబడి, తెలుపు పోయి అవతలి రంగు కనిపిస్తుంది. అప్పుడు ఇనుప పళ్ళ రోలర్ నడిపిస్తే లోపలి గాలి బుడగలు చిటచిటమని పోపు గింజల్లా పగులుతాయి. ఆ చప్పుడు ఆగేదాకా ఒత్తాలి. ఒక్క తెల్లటి మచ్చ మిగిలినా అక్కడ గాలి ఉన్నట్టే, ఏదో ఒకరోజు నీళ్ళు అక్కడి నుంచే చేరతాయి. అంతలో బకెట్ అడుగున మిగిలిన రెసిన్ మురబ్బాలా ముద్దకట్టి, చేతికి కాలేంత వేడెక్కి, పొగ వదులుతుంది. దాన్ని బయట ఇసుకలోకి విసిరేసి కొత్త బకెట్ అందుకోవలసిందే.

గ్రైండింగ్ రోజులు వేరు. ఆ ధూళి మాస్కు సందుల్లోంచి, కాలరు కిందనుంచి, సాక్సు అల్లికలోంచి దూరేది. వేడి నీళ్ళతో స్నానం చేస్తే చర్మ రంధ్రాలు తెరుచుకుని నారలు ఇంకా లోపలికి పోతాయని, ముందు చన్నీళ్ళే పోసుకోవాలని పాతవాళ్ళు చెప్పేవారు. ఎడారి వేసవిలో ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి సలసలా కాగుతుంటే చన్నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో మాత్రం వాళ్ళూ చెప్పలేదు. క్యాంపులో నా మంచానికి అటూ ఇటూ ఉన్న ఇద్దరు కరీంనగర్ అన్నలు, నా పని బట్టలు గది గుమ్మం దాటకూడదని మొదటి వారంలోనే తీర్మానించారు. వాళ్ళ తప్పేమీ లేదు, నా బనీను తగిలిన దుప్పటి కప్పుకుని ఒకాయన రాత్రంతా గోక్కున్నాడు.

మూడో ఏట యార్డులో మరమ్మతు విభాగం పెట్టి, నన్ను అందులోకి మార్చారు. ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్ నా చేతికి వచ్చింది అప్పుడే. కొత్త పడవ కట్టేటప్పుడు పొరలన్నీ పచ్చిగా ఉండగానే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి కాబట్టి పాలిస్టర్ సరిపోతుంది. పాత పడవ అలా కాదు. ఏళ్ళ క్రితమే గట్టిపడిపోయిన గోడకు కొత్త రెసిన్ గీతల్లో పట్టుకుని వేలాడాలే తప్ప, దానిలో కలవదు. ఆ పట్టు ఎపాక్సీకి ఎక్కువ, ఆరేటప్పుడు కుంచించుకుపోవడం తక్కువ, నీళ్ళను ఆపడమూ మెరుగు. ధర ఎక్కువ కాబట్టి మా యార్డులో దాన్ని అడుగుభాగం దెబ్బలకు మాత్రమే వాడేవారు.

యార్డులో దాని రెండో డబ్బానూ హార్డ్‌నర్ అనే పిలిచేవాళ్ళం. నా కష్టమంతా ఆ ఒక్క పేరులోనే ఉంది.

డిసెంబరులో ఒక తర్రాద్ రాళ్ళకు కొట్టుకుని ముందువైపు కీల్, అంటే అడుగున వెన్నులా ఉండే భాగం, పగిలి వచ్చింది. శుక్రవారానికల్లా నీళ్ళలో దించాలని యజమాని పట్టుబట్టాడు. రాత్రి చలి 15 డిగ్రీలకు దిగుతోంది. డబ్బా మీద ఐదు పాళ్ళ రెసిన్‌కు ఒక పాలు హార్డ్‌నర్ అని రాసి ఉంది. చలికాలం కదా, పాలిస్టర్‌కు వేసినట్టే ఇంకొంచెం వేస్తే తెల్లారేసరికి ఆరుతుందని, ఎవరూ అడగకుండానే, ఒక పాలుకు మరో సగం కలిపాను. తెల్లవారి చూస్తే పైకి మెరుస్తోంది. బొటనవేలి గోరు నొక్కితే చెప్పు అట్టలా దిగబడింది. హీట్‌గన్ పట్టాను, మధ్యాహ్నం ఎండ చూపించాను, ఇంకొక రోజు ఆగాను. అది గట్టిపడలేదు. సాండర్ పెడితే కాగితం జిగురు పట్టి నిమిషంలో నున్నబడింది. ఉలితో, గోకుడు రేకుతో, అసిటోన్ గుడ్డతో దాన్నంతా ఊడదీయడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజుల జీతం కోశారు.

ఉస్తాద్ తిట్టలేదు. తన చొక్కా విప్పి చూపించారు. బొత్తాం ఒక్కొక్కటికి ఒక్కొక్క కాజా ఉంది, ఎపాక్సీ అంటే ఇదే, నువ్వు కాజాలు అవే ఉంచి బొత్తాలు ఎక్కువ కుట్టావు, మిగిలిన బొత్తాలు ఎక్కడ పెట్టుకుంటాయి అని అడిగారు. పాలిస్టర్‌లో హార్డ్‌నర్ నిప్పు అంటించి తప్పుకునేది, ఎపాక్సీలో అది రెసిన్‌తో సమానంగా గోడలో ఇటుకై నిలిచేది. పేరు ఒకటే గానీ పని వేరు. చలికి తొందరపెట్టాలంటే వేగంగా ఆరే రకం హార్డ్‌నర్ వేరే డబ్బా కొనాలి, లేదా పడవ చుట్టూ ప్లాస్టిక్ గుడారం కట్టి లోపల దీపం పెట్టాలి. పాళ్ళను ముట్టుకోకూడదు. తరువాతి నెలలోనే ఇంకొక తప్పు చేశాను. ఎపాక్సీ అతుకు పూర్తిగా ముదరకముందే, పైన చేరిన జిడ్డు పొరను నీళ్ళతో కడగకుండా, దాని మీద పాలిస్టర్ జెల్‌కోట్ పూశాను. వారమైనా అది వేలికి అంటుకుంటూనే ఉండిపోయింది. ఆ సంగతి గురించి అంతకంటే చెప్పడానికి లేదు.

నాలుగో ఏట నా మణికట్ల దగ్గర దురద మొదలై, కనురెప్పలు ఉబ్బాయి. పాలిస్టర్ వాసన గొంతులో కొట్టి తలనొప్పి తెస్తుంది కాబట్టి దానికి అందరూ భయపడతారు. ఎపాక్సీకి పెద్ద వాసన ఉండదు, అందువల్ల దానికి ఎవరూ భయపడరు. వారానికి ఒక జత పల్చటి గ్లౌజులు ఇచ్చేవారు, అవి సోమవారానికే చిరిగేవి. చేతికి అంటిన రెసిన్‌ను అసిటోన్‌తో తుడుచుకోవడం నాకు అలవాటు, అది చర్మపు నూనెను తీసేసి రెసిన్‌కు లోపలికి దారి ఇస్తుందని డాక్టరు చెప్పేదాకా తెలియదు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే మళ్ళీ పడదని కూడా ఆయనే చెప్పారు. ఇప్పుడు ఎవరైనా పక్కన ఎపాక్సీ గోకుతుంటే చాలు, నా కళ్ళు ఎర్రబడతాయి. నన్ను తిరిగి మౌల్డుల దగ్గరికి పంపారు.

కిందటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మా ఒడ్డున వేట నిషేధం నడుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి కాబట్టి మరమ్మతులన్నీ అప్పుడే. మా మావయ్య బోటు అడుగున పిడికెడు చిల్లు ఉంటే, ఎవరో పుట్టీ పెట్టి పూడ్చారు, అది అంచుల్లో లేచిపోయింది. ఎనిమిది మిల్లీమీటర్ల మందం గోడకు పన్నెండు రెట్లు, అంటే చుట్టూ దాదాపు పది సెంటీమీటర్ల మేర వాలుగా అరగదీస్తేనే కొత్త పొరలకు పట్టు దొరుకుతుంది. నేను గ్రైండర్ ఆపేసరికి చిల్లు చుట్టూ అన్నం కంచమంత పళ్ళెం తయారైంది. వలలు బాగు చేసుకుంటున్నవాళ్ళంతా లేచి వచ్చారు.

"అల్లుడా, చిల్లు పూడ్చమంటే చెరువు తవ్వావేమిరా?" అన్నాడు మావయ్య.

రెండు రోజులు ఎండకు ఆరబెట్టి, ఎపాక్సీ పని మేనల్లుడికి అప్పజెప్పాను. నేను గాలి వచ్చే వైపు పది అడుగుల దూరంలో కూర్చుని చెబుతూ ఉన్నాను. మ్యాట్ జిగురును ఎపాక్సీ కరిగించదు కాబట్టి నేత గుడ్డ కత్తిరించుకున్నాము. అజ్మాన్ నుంచి తెచ్చిన చిన్న డిజిటల్ తూకం మీద వాడు గిన్నె పెట్టి, డబ్బా మీద ఉన్న తూకపు లెక్క ప్రకారం రెసిన్ పోశాడు, తరువాత హార్డ్‌నర్‌ను చుక్కచుక్కగా వదిలాడు. అంకె చేరగానే ఆపాడు.

"ఇంకాస్త వెయ్యరా, సాయంత్రానికి ఆరిపోద్ది," అన్నాడు మావయ్య.

వాడు నా వైపు చూసి, డబ్బాకు మూత బిగించాడు.