ఆర్గాన్ పియానోలో పడుతుందా?

మూడు నెలలుగా రెండే రెండు పేజీల ముందు కూర్చుంటున్నాను, ఇంకా చేతికి రాలేదు. జర్మన్ స్వరకర్త బాక్ చర్చి ఆర్గాన్ కోసం రాసిన ఎఫ్ మైనర్ కోరల్ ప్రెల్యూడ్ (చర్చి పాట మీద అల్లిన చిన్న ముక్క) అది, 'ఇహ్ రూఫ్ త్సు డీర్', అంటే 'నిన్నే పిలుస్తున్నాను' అని. పియానోకి మార్చింది ఇటలీ పియానిస్టు బుసోని. ఇలాంటివి పది కలిపి 1898లో అచ్చు వేయించాడు.

ఆర్గాన్‌లో కీ నొక్కి ఉంచినంతసేపూ గొట్టంలోకి గాలి పోతూనే ఉంటుంది, స్వరం తగ్గదు. మన పద్యనాటకాల్లో హార్మోనియం మెట్టు పలికినట్టే. పియానోలో సుత్తి తీగను తాకిన మరుక్షణం నుంచే స్వరం సన్నబడిపోతుంది. పైగా ఆర్గాన్ వాయించేవాళ్లకి కాళ్ల కింద ఇంకో కీబోర్డు ఉంటుంది, ఆ పని కూడా ఇక్కడ చేతులే చెయ్యాలి!

అంతకుముందు హంగేరీ పియానిస్టు లిస్ట్ 1852లో బాక్ ఆర్గాన్ ముక్కలు, ప్రెల్యూడ్-ఫ్యూగు జంటలు ఆరు, పియానోకి మార్చి అచ్చు వేయించినప్పుడు పెద్దగా హంగులు చేర్చలేదు, కాళ్ల వరుసని ఎడమ చేతిలో సర్దాడు, అంతే. బుసోని అలా ఊరుకోడు. బాక్ ఆర్గాన్ ముక్కే ఇంకోటి, డి మైనర్ టొకాటా, అందులో ఆయన వేసిన ఆక్టేవులు (ఒకే స్వరం రెండు స్థాయిల్లో కలిపి నొక్కడం) చూసి ఇదంతా గొప్ప చూపించుకోవడం అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, ఆర్గాన్‌లో స్టాపులు అని ఉంటాయి, ఒక్కోటి లాగితే ఒక్కో గొట్టాల వరుస పలుకుతుంది; మామూలు స్టాపుతో పాటు పదహారడుగులదీ, నాలుగడుగులదీ కలిపి లాగితే, నొక్కిన ఒక్క స్వరమే కింది స్థాయిలోనూ పై స్థాయిలోనూ కూడా మోగుతుందట, అంటే ఆయన రాసింది కాగితం మీద ఉన్నది కాదు, చర్చిలో చెవికి వినబడేది. అయినా ఆ టొకాటా నాకు పియానో మీద నచ్చదు. మధ్యలో ఆగే చోట్ల రాతిగోడల ప్రతిధ్వని లేకపోతే బోసిగా ఉంటుంది.

ఈ చిన్న ముక్క మాత్రం భలే కుదిరింది. పైన పాట, కింద ఆగకుండా నడిచే బేస్, ఆ రెంటి మధ్య అంతకంటే వేగంగా పారే వరుస. పాటలోని పొడుగు స్వరం ఆరిపోతుంటే మధ్య వరుస కదులుతూనే ఉంటుంది కాబట్టి, పై స్వరం ఇంకా మోగుతున్నట్టే అనిపిస్తుంది. ఇంతకంటే తెలివైన మోసం నాకు తెలీదు. రుమేనియా పియానిస్టు లిపాటి 1950లో జెనీవాలో చేసిన రికార్డింగ్ వినండి, ఆ డిసెంబరులోనే 33 ఏళ్లకి పోయాడు పాపం. పాటలో ప్రతి కొత్త స్వరాన్నీ, ముందు స్వరం ఎంతకి తగ్గిందో అంతలోనే మొదలుపెడతాడు, ఎక్కడా కొట్టినట్టుండదు.

నేను వాయిస్తే ఏముంది, మధ్య వరుస బొటనవేలికి వచ్చిన ప్రతిసారీ ఠంగుమంటుంది. పియానో పెడల్ తొక్కి స్వరాల్ని సాగదీసి కప్పేద్దామంటే బేస్ అంతా ముద్దైపోతుంది. నిన్నటి నుంచి పెడల్ మానేసి, ఒట్టి మధ్య వరుసే, అదీ సగం వేగంలో వాయిస్తున్నాను.