తోక మొదలు దాకానే కొలత

గుంటూరు అరండల్‌పేటలోని మా ఇంట్లో టీపాయ్ మీద గాజు సామాను పెట్టడం మానేసి నాలుగేళ్లయింది. సగం లాబ్రడార్, సగం వీధికుక్క అయిన మా బొగ్గుకి సంతోషం కలిగితే తోక ఊపుతుంది. దానికి సంతోషం కలగని పూటంటూ లేదు. మూడు డజన్ల గ్లాసులు పోయాక స్టీలు గ్లాసులకు మారాం. ఆ తోక నీళ్లను ఎక్కడ తాకిందో ఒక మనిషి ప్రత్యేకంగా నిలబడి చూస్తాడని, అందుకోసం నేను తెల్లవారకముందే లేచి కృష్ణ దాటి వెళతానని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాడిని.

విజయవాడలో ఉండే మా బావమరిది జనవరిలో ఫోను చేశాడు. “బావగారూ, మీ బొగ్గుకి నీళ్లంటే పిచ్చి కదా! ఇబ్రహీంపట్నం అవతల మా స్నేహితుడి మామిడితోటలో చెరువు ఉంది. దాని ఒడ్డున చెక్క వంతెన కట్టాం. కుక్కలు ఉన్నవాళ్లం పదిమందిమి కలిసి డాక్ డైవింగ్ పెట్టుకుంటున్నాం. మీరూ రండి.”

డాక్ అంటే రేవు బల్ల. దాని మీద కుక్క పరుగెత్తుకొచ్చి, యజమాని విసిరిన బొమ్మ కోసం నీళ్లలోకి దూకాలి. ఎంత దూరం దూకితే అంత గొప్ప. అమెరికాలో 1997లో ప్యూరినా వాళ్లు పెట్టిన శునక పోటీల్లో ఇది తొలిసారి కనిపించింది. 2000లో డాక్‌డాగ్స్ అనే సంస్థ పుట్టి దానికి నియమాలు రాసింది. బల్ల పొడవు 40 అడుగులు, వెడల్పు 8 అడుగులు, నీటి మట్టానికి 2 అడుగుల ఎత్తు. నీళ్లు కనీసం 4 అడుగుల లోతు ఉండాలి. కుక్కని తోయకూడదు, దూకడం దాని ఇష్టం. కొలత బల్ల అంచు నుంచి మొదలై, కుక్క తోక మొదలు నీటిని తాకిన చోట ఆగుతుంది. ముక్కు ఎంత ముందుకు వెళ్లినా లెక్కలోకి రాదు. ఈ చివరి నియమం చదివి మా అమ్మాయి, “నాన్నా, బొగ్గు తోకకి చివరికి ఒక ఉద్యోగం దొరికింది” అంది.

సాధనకు చోటు వెతకడమే పెద్ద పని అయింది. కాలువలో దింపుదామంటే ప్రవాహం ఉంటుంది, కట్ట నిటారుగా ఉంటుంది. ఈత వచ్చిన కుక్క కూడా పైకి ఎక్కే దారి దొరక్క అలసిపోయి మునిగిపోతుంది. అందుకని నంబూరు దగ్గర బంధువుల పొలంలో, ఒక పక్క ఏటవాలుగా ఉన్న నీటి గుంటను ఎంచుకున్నాం. మూడు ఆదివారాలు అక్కడే గడిచాయి. దూకడం బొగ్గుకి నేర్పాల్సిన పని లేదు. ఆగడమే నేర్పాలి. కుక్కని వెనక కూర్చోబెట్టి, మనం అంచు దాకా నడిచివెళ్లి, పిలిచి, అది అంచుకు చేరే క్షణంలో బొమ్మను దాని ముక్కుకి కాస్త ముందు, కాస్త పైన విసరాలి. బొమ్మ కోసం తల ఎత్తుతుంది, తలతోపాటు ఛాతీ లేస్తుంది, దూకుడు సాగుతుంది. కిందికి విసిరితే తల వంచి, చట్టుక్కున నీళ్లలో పడుతుంది. నేను పాతికేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నవాడిని. విసిరిన వస్తువు ఎక్కువ దూరం పోవాలంటే 45 డిగ్రీలని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో! పరుగెత్తే ప్రాణికి అది వర్తించదని ఆ గుంట దగ్గరే తెలిసింది. మనుషుల్లో లాంగ్‌జంప్ వీరులు కూడా 20 డిగ్రీల చుట్టుపక్కలే లేస్తారు. ఇంకా నిటారుగా లేవాలంటే పరుగు వేగం చంపుకోవాలి.

ఫిబ్రవరిలో రెండో ఆదివారం. ఉదయం ఐదుంబావుకి బయలుదేరాం. వెనక సీటు మీద పాత దుప్పటి, దాని మీద బొగ్గు, బొగ్గు మీద మా అమ్మాయి నిద్ర. కాజ టోల్‌గేటు దాటేసరికి తూరుపు ఇంకా తెలవారలేదు. మంగళగిరి కొండ మసకగా కనిపిస్తుంటే మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది. పానకాల స్వామి భక్తులిచ్చిన పానకంలో సగం తాగి సగం తిరిగి ఇస్తాడని మా ప్రాంతంలో ప్రతీతి. ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానో తరవాత తెలుస్తుంది.

తాడేపల్లి దగ్గర జాతీయ రహదారి వదిలి సీతానగరం మీదుగా బ్యారేజీ ఎక్కాం. కనకదుర్గ వారధి మీదుగానూ వెళ్లవచ్చు కానీ, కృష్ణను పైనుంచి చూడాలంటే ప్రకాశం బ్యారేజీయే దారి. 1957లో పూర్తయిన ఈ కట్టడం కొసనుంచి కొసకు 1,223 మీటర్లు. ఎగువన నీళ్లు నిండుగా, అద్దంలా ఉన్నాయి. ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద దీపాలు ఇంకా ఆర్పలేదు. భవానీ ద్వీపం పొగమంచులో పడుకున్న గేదెలా ఉంది. బొగ్గు కిటికీలోంచి తల బయట పెట్టి అంత నీటిని ఒక్కసారిగా చూసి, జీవితంలో మొదటిసారి మొరగడం మరిచిపోయింది. నాకు మళ్లీ లెక్కల బుద్ధి పుట్టింది. ఈ ఆటలో నేను చదివిన గొప్ప దూకుడు 2019లో సౌండర్స్ అనే విప్పెట్ జాతి కుక్కది, 36 అడుగుల 2 అంగుళాలు. ఆ కుక్క అలా వరసగా దూకుతూ పోతే బ్యారేజీ దాటడానికి నూట పదకొండు దూకుళ్లు పడతాయి. “మన బొగ్గుకో?” అంది వెనకనుంచి మా అమ్మాయి, కళ్లు తెరవకుండానే. జవాబు చెప్పలేదు.

ఘాట్‌రోడ్డు, భవానీపురం, గొల్లపూడి త్వరగా గడిచిపోయాయి. ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించాక మా బావమరిది బైకు మీద ఎదురొచ్చి తోటలోకి తీసుకువెళ్లాడు.

బల్ల సరుగుడు వాసాల మీద పలకలు పరిచి కట్టారు. పొడవు 40 కాదు, పాతిక అడుగులే. పలకలు తడిస్తే కాలు జారకుండా పైన కొబ్బరిపీచు పట్టా మేకులతో బిగించారు. కొబ్బరిపీచు మీద కుక్క గోళ్లు పట్టు దొరకబుచ్చుకుంటాయి. పక్కనే వెదురు గడతో లోతు చూశారు, నాలుగున్నర అడుగులు. చెరువు పొడవునా ఒడ్డు వెంబడి తాడు కట్టి అడుగుకొక ఎర్ర గుడ్డపీలిక ముడివేశారు. కొలిచే బాధ్యత తోట యజమాని అన్నగారిది. రిటైరైన సర్వేయరు. స్టూలు వేసుకుని, ఫోనులో నెమ్మదిగా నడిచే వీడియో పెట్టుకుని, సరిహద్దు తగాదా తీర్చడానికి వచ్చినవాడిలా కూర్చున్నారు.

పదకొండు కుక్కలు వచ్చాయి. పటమట నుంచి వచ్చిన పసుపు లాబ్రడార్ ఎలాంటి హడావుడీ లేకుండా ఒక మూల కూర్చుంది. గెలిచేవాళ్లు అలాగే కూర్చుంటారు. ఒక డాబర్‌మాన్ అంచు దాకా బాణంలా వచ్చి, నీళ్లు చూసి, వెనక్కి తిరిగి యజమాని కాళ్ల మధ్య దూరింది. ముగ్గురు, “కొంచెం తోస్తే సరి” అన్నారు. సర్వేయరు గారు స్టూలు మీంచి లేచి, “తోస్తే కొలవను” అన్నారు. ఆ మాటకు ఆయన మీద గౌరవం కలిగింది. ఒక్కసారి భయపెట్టి నీళ్లలో పడేసిన కుక్క మళ్లీ బల్ల ఎక్కదు.

మా వంతు వచ్చింది. బొగ్గుని వెనక కూర్చోబెట్టి “ఆగు” అన్నాను. ఆగింది. నంబూరులో మూడు వారాల కష్టం ఊరికే పోలేదని గర్వంగా అంచు దాకా నడిచాను. బొమ్మ పట్టుకున్న చెయ్యి పైకెత్తానో లేదో, వెనక పలకల మీద చప్పుడు. పిలవకముందే బయలుదేరింది. పాతిక అడుగుల బల్ల మీద ఇరవై ఏడు కిలోల కుక్క వెనకనుంచి మోకాళ్లకు తగిలితే ఏమవుతుందో లెక్క వేయడానికి వ్యవధి ఉండదు. నేను నీళ్లలో ఉన్నాను. బొగ్గు బల్ల మీదే నిలబడి, నాలుక బయటపెట్టి, నేనేం తెస్తానా అని చూస్తోంది. ఫిబ్రవరి పొద్దుటి చెరువు నీళ్లు ఎముకల దాకా వెళ్లాయి. బొమ్మ నా చేతిలోనే ఉంది.

“ఎంత, ఎంత?” అని అరిచాడు మా బావమరిది.

సర్వేయరు గారు వీడియో వెనక్కి తిప్పి చూసి, “కొలవడం కుదరదండీ. నియమం తోక మొదలు దాకా. మాస్టారికి తోక లేదు” అన్నారు.

ఆ నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని మామిడిచెట్టు వెనక్కి వెళ్లిపోయింది. ఆ ప్రయత్నం లెక్కలోకి రాలేదు.

రెండో సారి మా అమ్మాయి వెనక ఉండి కుక్క పట్టీ పట్టుకుంది. ఈసారి పిలుపూ పరుగూ బాగానే కుదిరాయి కానీ బొమ్మ ఆలస్యంగా విసిరాను. బొగ్గు అప్పటికే గాలిలో ఉంది, చూడడానికి ఏమీ లేక తల దించింది. 8 అడుగుల 10 అంగుళాలు. మూడోసారి చెయ్యి సరిగ్గా కదిలింది. మెడ సాచి, ముందుకాళ్లు ముడిచి, వెనకకాళ్లు చాచి, నల్లటి ఒళ్లు ఒక్క క్షణం నీటి మీద పరుచుకుంది. 11 అడుగుల 4 అంగుళాలు. అదే కుక్క, అదే బల్ల. రెండున్నర అడుగుల తేడా పూర్తిగా నా భుజానిది. ఈ ఆటలో కుక్క పాసవుతుంది, ఫెయిలయ్యేది మాస్టారే. డాక్‌డాగ్స్ లెక్కలో 10 అడుగులు దాటితే నోవిస్ నుంచి జూనియర్ తరగతికి పోతారు. పాతికేళ్ల ఉద్యోగంలో ఏ విద్యార్థి ప్రమోషనూ నాకు ఇంత సంతోషం ఇవ్వలేదు.

పటమట లాబ్రడార్ 17 అడుగుల 3 అంగుళాలు దూకింది. దాని యజమానికి బహుమతిగా కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ ఇచ్చారు. తెల్లపొణికి కర్ర తేలికగా ఉంటుంది కదా, ఆయన నవ్వుతూ దాన్ని విసరబోయినట్టు చెయ్యి ఎత్తాడు. కుక్క నిజమే అనుకుని బల్ల వైపు పరుగెత్తింది.

అసలు తప్పు ఆ తరవాత చేశాను. పోటీ అయిపోయింది, బల్ల ఖాళీగా ఉంది, చెయ్యి కుదిరిన ఉత్సాహం ఉంది. “ఇంకొక్కటి” అంటూ బొగ్గుని ఇరవై సార్లయినా దూకించి ఉంటాను. ప్రతిసారీ నోరు తెరుచుకుని బొమ్మ పట్టడంతో నీళ్లు గుటకలు గుటకలుగా లోపలికి పోతున్నాయి. తోట యజమాని వచ్చి చెయ్యి పట్టుకుని ఆపారు. కుక్కలు ఇలా ఆడుతూ మితిమీరి నీళ్లు మింగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుందని, తూలడం, వాంతులు కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలని చెప్పారు. పానకాల స్వామి అయినా సగం మిగులుస్తాడు, మా బొగ్గు చెరువు మొత్తం తాగేటట్టు ఉంది. నీడలో కట్టేశాం. చెవులు తుడిచి ఆరబెట్టాం. గంట తరవాత పెరుగన్నం తినేసి నిద్రపోయింది. అప్పుడు కానీ నాకు అన్నం సహించలేదు.

తిరుగు ప్రయాణంలో ఎండ ముదిరింది. బ్యారేజీ మీద ఎవరూ కిటికీలోంచి చూడలేదు.

సోమవారం ఉదయం బొగ్గు తోక లేవలేదు. మొదలు దగ్గర కాస్త అడ్డంగా వచ్చి, అక్కడినుంచి తడిసిన తాడులా కిందికి వేలాడుతోంది. ముట్టుకుంటే మూలిగింది. కూర్చోవడానికి రెండుసార్లు ప్రయత్నించి నిలబడిపోయింది. విరిగిందేమోనని గుండె ఆగినంత పనయింది. పశువుల డాక్టరు గారు వేళ్లతో తడిమి చూసి, ఒకటే ప్రశ్న అడిగారు: “నిన్న చల్లనీళ్లలో బాగా ఈదిందా?” ఇది ఈతకుక్కలకు, అందులోనూ లాబ్రడార్లకు వచ్చేదేనట. నీళ్లలో తోకే చుక్కాని. అలవాటు లేని శ్రమకు, చలికి మొదట్లోని కండరాలు దెబ్బతింటాయి. కొద్ది రోజుల విశ్రాంతితో దానంతటదే తగ్గుతుంది. నొప్పికి మందు రాసిచ్చారు. మనుషుల మాత్రలు మాత్రం పొరపాటున కూడా వేయవద్దన్నారు.

నాలుగు రోజులు ఇల్లు చిన్నబోయింది. గేటు చప్పుడైతే బొగ్గు వచ్చేది, కళ్లు నవ్వేవి, వెనక ఏమీ కదిలేది కాదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అదే కష్టంగా ఉంది. బీరువాలోంచి మా ఆవిడ పెళ్లినాటి గాజు గ్లాసులు తీసి కడిగి, “ఎలాగూ భయం లేదుగా” అంటూ వాటిలోనే కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ రుచించలేదు.

శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. బొగ్గు టీపాయ్ పక్కగా పరుగెత్తుకొచ్చింది. వెనక గాజు పగిలిన చప్పుడయింది.