రోజూ పేషెంట్లను అడిగే ప్రశ్నలే

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్‌కి ముందు లావుగా ఉన్న పేషెంట్లను ఎనిమిది సంగతులు అడుగుతాం. గురక ఉందా, పగలు నిద్ర ముంచుకొస్తుందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు మించిందా, మగవాళ్ళా. దీని పేరు స్టాప్‌బ్యాంగ్. అయిదు, ఆపైన ‘అవును’లు వస్తే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) అనుమానం గట్టిదే. 46 ఏళ్ల వయసులో నాకు ఆరు వచ్చాయి.

ఎత్తు 170, బరువు 96, బీఎంఐ 33. భారతీయులకు 25 దాటితేనే ఊబకాయం. అయినా ఎక్కడా నా పేరుతో ఫైలు లేదు. తలనొప్పికి, గ్యాస్‌కి, బీపీకి శాంపిల్ మాత్రలు నేనే మింగేవాణ్ణి. బీపీ చూసుకునేది కూడా తప్పే: నా చేయి 36 సెంటీమీటర్లు, వార్డులో మామూలు కఫ్ (బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ) 34 దాకే సరిపోతుంది. ఇరుకు కఫ్ రీడింగు ఎక్కువ చూపిస్తుంది. నిద్రమత్తుని డ్యూటీ మీదికి నెట్టేశాను. సెలవు రోజు ఎనిమిది గంటలు పడుకుని లేచినా తూలుతుంటే అది డ్యూటీ వల్ల కాదు.

ఓపీ చీటీ రాయించుకుని ఇంకో డాక్టరు ముందు కూర్చున్నాక లెక్క తేలింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.8, అంటే షుగర్ వ్యాధే. స్లీప్ స్టడీలో గంటకి 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో. 30 దాటితే తీవ్రమైనదే.

నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చే సీప్యాప్ మిషన్‌తో మొదటి పది రోజులు నరకం. గాలి లీకవుతోందని పట్టీలు బిగిస్తే ముక్కు మీద పుండు పడింది, లీకు ఇంకా పెరిగింది. మాస్కు పెట్టుకుని, పడుకున్నాక, గాలి వస్తుండగా పట్టీ సర్దుకోవాలి. మీసం కత్తిరించాక సగం లీకు పోయింది (ఇంట్లో ఎవరికీ నచ్చలేదు). ముక్కు దిబ్బడకి పడుకునే ముందు సెలైన్ చుక్కలు, గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటర్. నైట్ డ్యూటీకి మిషన్ కూడా నాతో వస్తుంది.

తిండిలో అసలు దొంగ రాత్రి పదకొండింటి బిర్యానీ పొట్లం, రెండింటికి టీ. టీకి రెండు చెంచాల చక్కెర, నాలుగు టీలంటే 40 గ్రాములు. ఇక పేషెంట్ల బంధువులు తెచ్చే స్వీటు డబ్బాలు సరేసరి. ఇప్పుడు డ్యూటీకి ముందే ఏడున్నరకి భోజనం, డబ్బాలో ఉడికించిన శనగలు, రెండు గుడ్లు, మజ్జిగ. అన్నం కొలిచి ఒక కప్పు. కొర్రలకి మారి రెండు నెలలు మోసపోయాను: పళ్ళెం నిండా తింటే కొర్రలూ పిండిపదార్థమే.

షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 500 రెండుపూటలా భోజనం మధ్యలో వేసుకుంటే కడుపు తిప్పదు. ఈ మాత్రతో బీ12 విటమిన్ తగ్గొచ్చు కాబట్టి ఏడాదికోసారి అదీ చూపించుకుంటున్నాను.

పది నెలల్లో 11 కిలోలు తగ్గాయి, హెచ్‌బీఏ1సీ 6.1. బీఎంఐ 29, ఇంకా ఊబకాయమే. మళ్ళీ స్లీప్ స్టడీ అయ్యేదాకా మిషన్ తియ్యొద్దని మా డాక్టరు గారి మాట.