12–11: నాలుగు పెనాల్టీలు, తప్పిన రెండు కిక్‌లు

29 అక్టోబర్ 2023, ఆదివారం రాత్రి
ఆక్లాండ్

ఈ దేశంలో ఆటలంటే ఇష్టం ఉన్నవాళ్ళకి నిన్న రాత్రి నుంచి నిద్రా లేదు, సంతోషమూ లేదు. ధర్మశాలలో ఆస్ట్రేలియా 388 కొడితే న్యూజీలాండ్ 383 దాకా తరుముకుంటూ వెళ్ళి 5 పరుగుల దూరంలో ఆగిపోయింది. అది తేలేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటిపోయింది. పొద్దున ఎనిమిదింటికి పారిస్‌లో రగ్బీ ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికా 12, న్యూజీలాండ్ 11. అక్కడ 5 పరుగులు, ఇక్కడ ఒక్క పాయింటు. 2019 లార్డ్స్ ఫైనల్‌లో బౌండరీల లెక్కతో కప్పు పోగొట్టుకున్న దేశానికి ఇదేం కొత్త కాదనుకోండి.

ఇవాళంతా ఎక్కడ చూసినా రెండే మాటలు. రిఫరీ ముంచాడని కొందరు, కిక్కర్లు ముంచారని ఇంకొందరు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ మ్యాచ్‌ని మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుని స్కోరు ఎప్పుడెప్పుడు కదిలిందో చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ట్రై అంటే బంతిని అవతలివాళ్ళ గోల్ గీత దాటించి నేలకి ఆనించడం, అయిదు పాయింట్లు. దక్షిణాఫ్రికా ఒక్కటి కూడా చెయ్యలేదు. వాళ్ళ 12 పాయింట్లూ అవతలి జట్టు తప్పులకి దొరికే పెనాల్టీ కిక్‌లు నాలుగు, కిక్‌కి మూడు చొప్పున. 3, 13, 19, 34 నిమిషాల్లో. నాలుగూ హాంద్రే పొలార్డ్ కొట్టినవే, నాలుగూ గోల్‌లోకే. ఆ తర్వాత 46 నిమిషాల ఆటలో వాళ్ళకి ఒక్క పాయింటు రాలేదు. రెండో సగం స్కోరు విడిగా చూస్తే న్యూజీలాండ్ 5, దక్షిణాఫ్రికా 0. అంటే ఓటమి మొదటి 35 నిమిషాల్లోనే రాసి పెట్టారు, చివర్లో జరిగిందంతా దాన్ని చెరపడానికి పడ్డ పాట్లు.

ఆ 35 నిమిషాల్లో రెండు కార్డులు. ఆట మొదలై మూడు నిమిషాలైనా కాకముందే న్యూజీలాండ్ ఆటగాడు షానన్ ఫ్రిజెల్‌కి పసుపు కార్డు, అంటే పది నిమిషాలు బయట. రక్ దగ్గర, అంటే ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడెయ్యడం) అయ్యాక నేలమీదున్న బంతి కోసం రెండు జట్లూ నిలబడి తోసుకునే చోట, అవతలి హుకర్ (ముందు వరస మధ్య ఆటగాడు) బొంగి ఎంబొనాంబిని పక్కకి లాగుతూ అతని కాలి మీద పడ్డాడు. ఇది ఎందుకంత నేరమంటే, రక్‌లో నిలబడ్డ మనిషి పాదం నేలకి దిగబడి ఉంటుంది. పైనుంచి వంద కిలోలకి మించిన ఒళ్ళు పక్కవాటుగా పడితే ఆ బరువంతా మోకాలే మొయ్యాలి. ఎంబొనాంబి మోకాలు దెబ్బతిని మళ్ళీ మైదానంలోకి రాలేదు. రక్ శుభ్రం చెయ్యాలంటే భుజంతో ఎదురుగా వెళ్ళి వెనక్కి నెట్టాలి, మెడో నడుమో పట్టుకుని పక్కకి తిప్పి పడెయ్యకూడదు. ఇది స్కూలు పిల్లలకీ చెప్పే సంగతే.

రెండోది కెప్టెన్ శామ్ కేన్‌ది. 28వ నిమిషం దగ్గర జెస్సీ క్రీల్‌ని నిటారుగా నిలబడే ట్యాకిల్ చేశాడు. భుజం వెళ్ళి క్రీల్ తలకి తగిలింది. రిఫరీ వేన్ బార్న్స్ ముందు పసుపు చూపించి బంకర్‌కి పంపాడు. ఈ ప్రపంచకప్‌లో పద్ధతి అదే: మైదానం బయట ఉన్న అధికారి ఎనిమిది నిమిషాల్లోగా వీడియోలన్నీ చూసి, పసుపు చాలో ఎరుపు చెయ్యాలో తేలుస్తాడు. వాళ్ళు వేసుకునే ప్రశ్నలు వరసగా ఉంటాయి. తలకి తగిలిందా? తప్పు ట్యాకిల్ చేసినవాడిదేనా? దెబ్బలో ఎంత ప్రమాదం ఉంది? శిక్ష తగ్గించడానికి ఏదైనా కారణం ఉందా, అంటే బంతి పట్టుకున్నవాడు ఉన్నట్టుండి వంగాడా, దిశ మార్చాడా? కేన్ విషయంలో మొదటి మూడింటికీ జవాబు అతనికి వ్యతిరేకమే. నాలుగోది లేదు. ఎరుపు అయింది, ఇక మ్యాచ్ అయ్యేదాకా బయటే. పురుషుల ప్రపంచకప్ ఫైనల్‌లో ఎర్రకార్డు పడ్డ మొదటి ఆటగాడు ఆల్ బ్లాక్స్ (న్యూజీలాండ్ జట్టు) కెప్టెన్. ఈ వాక్యం రాయడానికే కష్టంగా ఉంది.

"మరి కొలీసీకి ఎందుకివ్వలేదన్నా?" అని ఇవాళ అందరూ అడుగుతున్నదే. రెండో సగం మొదట్లో దక్షిణాఫ్రికా కెప్టెన్ సియా కొలీసీ తల మన ఆర్డీ సవేయా తలకి తగిలింది, అదీ బంకర్‌కి వెళ్ళింది, పసుపుగానే మిగిలింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది. కొలీసీ కొంత వంగాడు, దెబ్బలో జోరు తక్కువ. కేన్ అసలు వంగనేలేదు. నడుము దగ్గర ఒక్క జానెడు వంగి ఉంటే భుజం ఛాతీకి తగిలేది, ఇంత గొడవే ఉండేది కాదు. మనకి నచ్చకపోవచ్చు, తీర్పు తప్పు మాత్రం కాదు.

ఇది దురదృష్టం అనేవాళ్ళకి ఈ టోర్నీలో కార్డుల చిట్టా చూపించాలి. ప్రపంచకప్‌కి ముందు ఆగస్టు 25న ట్వికెన్‌హామ్‌లో ఇదే దక్షిణాఫ్రికా చేతిలో 35–7. ఆల్ బ్లాక్స్ చరిత్రలో అంత పెద్ద ఓటమి లేదు, ఆ రోజు స్కాట్ బారెట్‌కి రెండు పసుపులై ఎరుపు. టోర్నీ మొదటి మ్యాచ్‌లో ఫ్రాన్స్ మీద విల్ జోర్డాన్‌కి పసుపు. నమీబియా మీద ఈథన్ డి గ్రూట్‌కి ఎరుపు. ఐర్లాండ్‌తో క్వార్టర్ ఫైనల్‌లో ఆరన్ స్మిత్‌కి ఒకటి, కోడీ టేలర్‌కి ఒకటి. అర్జెంటీనాతో సెమీఫైనల్‌లో మళ్ళీ స్కాట్ బారెట్. ఐర్లాండ్ మీద 28–24తో గట్టెక్కారు, అర్జెంటీనా మీద 44–6 కాబట్టి ఎవరికీ పట్టలేదు. గెలిచిన రోజుల్లో కార్డుల లెక్క ఎవరూ రాసుకోరు. ఫైనల్‌లో ఆ బాకీ వడ్డీతో సహా వసూలైంది.

ఒక మనిషి తక్కువైతే ఏమవుతుందో కూడా రాసుకోవాలి. స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల ఫార్వర్డ్‌లూ (ముందుండే ఆటగాళ్ళు) తలలు కలిపి తోసుకునే చోట, ఎనిమిది మందినీ ఉంచితే వెనక లైనులో ఒక ఖాళీ. వెనక లైను నింపితే స్క్రమ్‌లో ఏడుగురే ఎనిమిది మంది తోపుని ఆపాలి. వెనక ముగ్గురిలో ఒకరు ముందుకి జరిగితే దక్షిణాఫ్రికా స్క్రమ్ హాఫ్ (స్క్రమ్ నుంచి బంతి తీసి అందించేవాడు) ఫాఫ్ డి క్లర్క్ పైకి లేపే కిక్‌లకి దిగేచోటు దొరుకుతుంది. ఫ్రిజెల్ బయట ఉన్న పది నిమిషాలు, కేన్ వెళ్ళాక దాదాపు 52 నిమిషాలు. అందులో కొలీసీ పది నిమిషాలు, చివర్లో చెస్లిన్ కోల్బీ ఏడు నిమిషాలు బయట ఉన్నారు కాబట్టి ఆ పదిహేడు తీసేస్తే, మొత్తం మీద సుమారు 45 నిమిషాలు ఒకరు తక్కువతో ఆడారు. సగం మ్యాచ్ కంటే ఎక్కువ. సూపర్ రగ్బీ లీగులోలాగా ఇరవై నిమిషాల తర్వాత ఇంకొకర్ని దింపే వీలు ఈ ప్రపంచకప్‌లో లేదు. అయినా రెండో సగంలో చాలాసేపు ఆటని అవతలివాళ్ళ చివర్లోనే ఉంచారంటే, అది నిజంగా మెచ్చుకోవాల్సిన సంగతి. పీటర్-స్టెఫ్ డూ టాయ్ ఒక్కడే 28 ట్యాకిల్స్ చెయ్యాల్సి వచ్చింది.

ఇందులో ఒక వింత ఉంది. ఎంబొనాంబి వెళ్ళాక దక్షిణాఫ్రికాకి అసలైన హుకర్ లేడు. టోర్నీ మధ్యలో మాల్కమ్ మార్క్స్ గాయపడితే అతని బదులు ఇంకో హుకర్‌ని కాకుండా పొలార్డ్‌ని పిలిపించుకున్నారు. దాంతో ఎంబొనాంబి చోటులో ఈ మధ్య ఎక్కువగా ఫ్లాంకర్‌గా (స్క్రమ్ అంచున ఉండే ఫార్వర్డ్‌గా) ఆడుతున్న డియాన్ ఫౌరీ వచ్చి దాదాపు మ్యాచ్ అంతా లైనౌట్‌లో (పక్క గీత దాటిన బంతిని మళ్ళీ లోపలికి విసిరే చోట) బంతి విసిరాడు. హుకర్ విసురు తేలిగ్గా కనిపిస్తుంది. అయిదు మీటర్ల గీత దాటి, రెండు వరసల మధ్యలోంచి తిన్నగా, ఎగిరినవాడి చేతులు పైకి చేరిన క్షణానికి అందాలి. అలవాటు తప్పినవాడికి వెనక వరస దాకా విసరడం గండం. న్యూజీలాండ్ కొన్ని లైనౌట్‌లు కాజేసింది కూడా. కానీ అక్కడ దొరికిన బంతుల్లోంచి రావలసినన్ని పాయింట్లు రాలేదు. ఆ లోటు ఉంటుందని తెలిసే పొలార్డ్‌ని తెచ్చుకున్నారు వాళ్ళు, ఆ పొలార్డే 12కి 12 కొట్టాడు. జూదమే, కానీ లెక్క తెలిసిన జూదం. బెంచి మీద ఏడుగురు ఫార్వర్డ్‌లనీ ఒక్కే ఒక్క బ్యాక్‌నీ (వెనక లైను ఆటగాణ్ణి) పెట్టడం కూడా అలాంటిదే. డి క్లర్క్‌కి దెబ్బ తగిలితే బెంచి మీద ఇంకో స్క్రమ్ హాఫ్ లేడు. తగల్లేదు.

ఇక రిఫరీ మాట. ఆరన్ స్మిత్ చేసిన ట్రైని కొట్టేశారు. అంతకుముందు లైనౌట్‌లో సవేయా చేతిలోంచి బంతి ముందుకి జారిందని వీడియో చూసే అధికారి చెప్పాడు. జారింది, నిజమే. అయితే ఇలా బంతి ముందుకి జారడం (నాక్-ఆన్) కోసం ట్రైకి ముందు రెండు ఫేజ్‌ల (ఒక ట్యాకిల్ నుంచి ఇంకోదాని దాకా సాగే ఆట) వరకే వెనక్కి వెళ్ళాలన్నది ఈ టోర్నీలో నిబంధన, ఇది అంతకంటే వెనకది. ఈ ఒక్క విషయంలో మనవాళ్ళ కోపానికి ఆధారం ఉంది. కానీ ఆ తర్వాత కొద్ది నిమిషాలకే, 58వ నిమిషంలో, మార్క్ టెలియా ఎడమ వైపు నుంచి ఇద్దరు ముగ్గుర్ని విదిలించుకుని బంతి వదిలితే, బోడెన్ బారెట్ అందుకుని మూలలో పెట్టాడు. దక్షిణాఫ్రికా ఇది నాలుగో ఫైనల్ ఆడటం, నాలుగింట్లోనూ వాళ్ళ మీద పడిన మొదటి ట్రై ఇదే. 11–12.

ట్రై తర్వాత పోస్టుల మధ్యకి కొట్టే కన్వర్షన్ కిక్ రెండు పాయింట్లు. అది పడితే 13–12. రిచీ మొఉంగా కొట్టాడు, పక్కకి పోయింది. టీవీలో చూసి "అదీ కొట్టలేడా" అన్నవాళ్ళ కోసం కాస్త లెక్క. ట్రై ఎక్కడ పెడితే దానికి తిన్నగా వెనక్కి వచ్చి కొట్టాలి. మూలలో పెట్టిన ట్రై అంటే పోస్టుల మధ్య భాగం నుంచి పక్కకి సుమారు 30 మీటర్లు. గోల్ లైన్ నుంచి ఎంత వెనక్కి వెళ్ళాలన్నది కిక్కర్ ఇష్టం. దగ్గరగా నిలబడితే పోస్టుల మధ్య సందు ఇరుకవుతుంది, దూరం పోతే కాలి బలం చాలదు. కోణం బాగా తెరుచుకునేది పక్కకి ఎంతో వెనక్కీ దాదాపు అంత వెళ్ళినప్పుడు, అంటే 30 మీటర్ల దగ్గర. అక్కడి నుంచి పోస్టుల దూరం 42 మీటర్లు. పోస్టుల మధ్య అసలు వెడల్పు 5.6 మీటర్లే, ఆ వాలులో కంటికి కనిపించేది 4 మీటర్లు. వాన పడుతోంది, బంతి తడి, నిలదొక్కుకునే కాలు కింద గడ్డి జారుతుంది, 90 సెకన్ల గడియారం తెర మీద తిరుగుతోంది, అవతలివాళ్ళు కిక్కర్ కదలగానే మీదికి పరిగెత్తచ్చు. కుడికాలి కిక్కర్‌కి ఎడమ పక్క కాస్త నయమన్నది ఒక్కటే ఊరట. ఇది తప్పినందుకు మొఉంగాని తిట్టడం అన్యాయం.

73వ నిమిషంది వేరే కథ. కోల్బీ కావాలని బంతిని చేత్తో కొట్టి పసుపు తెచ్చుకున్నాడు. 14 మందికి 14 మంది. దాదాపు 50 మీటర్ల దూరంలో పెనాల్టీ. జోర్డీ బారెట్ గోల్‌కి కొట్టాడు, పోలేదు. "మూలకి కొట్టి లైనౌట్ తీసుకోవాల్సింది బావా, అయిదు మీటర్ల నుంచి మాల్ (బంతి పట్టుకున్నవాడి చుట్టూ గుంపుగా తోసుకెళ్ళడం) నడిపేవాళ్ళు" అన్నది మధ్యాహ్నమంతా నలిగిన వాదన. ఒప్పుకోవడం కష్టం. బయటికి వెళ్ళింది వింగర్, వాళ్ళ ఫార్వర్డ్‌లు ఎనిమిది మందీ ఉన్నారు, అందులో చాలామంది బెంచి నుంచి కొత్తగా దిగినవాళ్ళు. మాల్‌లో వాళ్ళని తోసుకుని గీత దాటడం కంటే ఆ కిక్కే మంచి పందెం. సరిగ్గా వారం కిందట ఇదే మైదానంలో, ఇలాంటి తడి రాత్రే, దాదాపు అంతే దూరం నుంచి పొలార్డ్ కొట్టిన కిక్‌తోనే ఇంగ్లండ్ మీద 16–15తో గెలిచారు. ఒకరికి పడింది, ఒకరికి పడలేదు. తప్పుబట్టాల్సింది ఆ తర్వాతి ఏడు నిమిషాలని. కోల్బీ లేని రెక్క ఖాళీగా ఉంటే, ఆ వైపు వెనక్కి కిక్ కొట్టి వాళ్ళ చివర్లో ఇరికించే పని గట్టిగా సాగలేదు. గీత దగ్గరికి చేరితే డ్రాప్ గోల్ (ఆట నడుస్తుండగా బంతిని నేలకి తాకించి పోస్టుల మధ్యకి తన్నడం) మూడు పాయింట్లన్న సంగతి 2007లో కార్డిఫ్‌లో ఫ్రాన్స్ చేతిలో 18–20తో ఓడినప్పుడే ఈ దేశమంతా మొత్తుకుంది.

కోచ్ ఇయాన్ ఫాస్టర్ పని అయిపోయింది, స్కాట్ రాబర్ట్‌సన్ వస్తాడు. ఆరన్ స్మిత్, బ్రోడీ రెటాలిక్, శామ్ వైట్‌లాక్, డేన్ కోల్స్ ఇక ఈ జెర్సీలో కనిపించరు. మొఉంగా జపాన్ వెళుతున్నాడు, విదేశంలో ఆడేవాళ్ళని జట్టులోకి తీసుకోరు కాబట్టి పదో నంబరూ (ఆట నడిపించేవాడి చోటు) గోల్ కిక్‌లూ రెండూ ఖాళీ. డేమియన్ మెకెంజీకి 40 మీటర్ల లోపలివి అప్పగించి, పైవి జోర్డీకి వదలడం సబబుగా ఉంటుంది. ట్యాకిల్ ఎత్తు సంగతి మాత్రం కిక్కర్‌ని మారిస్తే తీరేది కాదు, దానికి జనవరి నుంచే ప్రతి ఫ్రాంచైజీలోనూ కూర్చుని మాట్లాడాలి.