పాత సర్వర్‌ని ఎక్స్‌టర్నల్ డ్రైవ్ నుంచి లేపిన కథ

నేను చూసుకునే లినక్స్ సర్వర్ బాగా పాతది. మెషీన్‌ని మొదట లేపే ప్రోగ్రామ్ కొత్త రకం యూఈఎఫ్ఐ కాదు, పాత రకం బయోస్. ఉన్నవన్నీ యూఎస్‌బీ 2.0 పోర్టులే. లోపలి డిస్కులు రెయిడ్ కార్డు (డిస్కుల్ని కలిపి ఒకటిగా చూపించే కార్డు) వెనక ఉన్నాయి. ఆ కార్డు పోతే డిస్కులు బాగానే ఉన్నా, వాటిని ఇంకో మెషీన్‌కి తగిలించి చదవగలమన్న నమ్మకం లేదు. అందుకే డేటాతో పాటు సిస్టమ్ మొత్తం ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఉండాలనీ, అవసరమైతే దాంతోనే బూట్ అవ్వాలనీ పట్టుబట్టాను.

1 టీబీ డ్రైవ్ తీసుకున్నాను. ఎంబీఆర్ అనే పాత డిస్కు విభజన పద్ధతిలో 2 టీబీ దాటిన జాగా వాడుకోలేం, పాత బయోస్‌తో కొత్త తలనొప్పులు ఎందుకనుకున్నాను. సొంత అడాప్టర్ ఉన్నదే ఎంచుకున్నాను. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులే, కొన్ని డ్రైవ్‌లకు అది చాలదు.

మొదటిసారి సులువైన దారి పట్టాను. సీడీ నుంచే సిస్టమ్ నడిపే లైవ్ సీడీతో బూట్ చేసి, డీడీ కమాండ్‌తో 300 జీబీ డిస్కుని ఉన్నదున్నట్టు కాపీ చేశాను. సెకనుకు 30 ఎంబీకి అటూ ఇటూగా నడిచి దాదాపు మూడు గంటలు పట్టింది. తర్వాత బయోస్‌లో హార్డ్‌డిస్క్ వరసలో ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ని పైకి జరిపాను. ఈ బయోస్ దాన్ని రిమూవబుల్ జాబితాలో కాకుండా హార్డ్‌డిస్కుల కింద చూపిస్తుంది. అక్కడ వెతకాలని తెలియక కాసేపు తిప్పలు పడ్డాను. మొత్తానికి లాగిన్ స్క్రీన్ వచ్చింది, పనైపోయిందని సంబరపడ్డాను.

కానీ డ్రైవ్ మీది లైటు మిణుకుమనడం లేదు. లాగిన్ అయ్యాను, నాలుగైదు ఫైళ్లు తెరిచాను. లైటు కదల్లేదు. అనుమానం వచ్చి, ఏ డిస్కు వాడకంలో ఉందో చూపే ఫైండ్‌మౌంట్ కమాండ్ కొడితే, రూట్‌గా (సిస్టమ్ నడిచే ప్రధాన డిస్కుగా) మౌంట్ అయింది లోపలి డిస్కే! డీడీ కాపీలో యూయూఐడీ (డిస్కు భాగాన్ని గుర్తుపట్టే ప్రత్యేక సంఖ్య) కూడా అదే వచ్చేస్తుంది. సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌ని లోడ్ చేసే గ్రబ్ బయటి డ్రైవ్ నుంచే లేచింది. అయితే యూఎస్‌బీ డ్రైవ్ సంగతి తేలేలోపే కెర్నల్‌కి లోపలి డిస్కు అదే యూయూఐడీతో కనబడింది, దాన్నే పట్టుకుంది. ఆ లైటు చూడకపోయి ఉంటే నమ్మి నట్టేట మునిగేవాణ్ణి.

పవర్ ఆపి లోపలి డిస్కులన్నీ బే నుంచి బయటికి లాగి మళ్లీ ఆన్ చేశాను. ఈసారి రూట్ డివైస్ లేదంటూ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (రూట్ డిస్కు దొరికేదాకా నడిచే చిన్న తాత్కాలిక సిస్టమ్) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయింది. డిస్కుల జాబితా చూపే బీఎల్‌కేఐడీ కొడితే ఒక్క డిస్కు కూడా లేదు. అప్పటికి అర్ధరాత్రి దాటింది, టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. వెతగ్గా వెతగ్గా ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ సెట్టింగ్స్‌లో మాడ్యూల్స్ విలువ 'డెప్' అని ఉంది. అంటే ఆ మెషీన్ రూట్ డిస్కుకి కావాల్సిన డ్రైవర్లే ఇమేజ్‌లోకి వెళ్తాయి. రూట్ రెయిడ్ కార్డు మీద ఉంది కాబట్టి యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ అందులో లేదు.

మర్నాడు మొదటినుంచీ చేశాను. డిస్కులు తిరిగి పెట్టి, అసలు సర్వర్లోనే ఆ విలువని 'మోస్ట్'గా (చాలావరకు డ్రైవర్లు చేరేలా) మార్చి ఇమేజ్ మళ్లీ కట్టాను. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ని కొత్తగా ఫార్మాట్ చేసి, మొదట్లోనే 1 జీబీతో బూట్ పార్టిషన్ పెట్టాను, ఎందుకంటే కొన్ని పాత బయోస్‌లు యూఎస్‌బీ డిస్కులో లోతుగా ఉన్న భాగాలను చదవలేవు. మిగతాది లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4. డేటాబేస్ ఆపి, ఆర్‌సింక్‌తో ఫైళ్లు కాపీ చేసి, ఏ డిస్కు ఎక్కడ మౌంట్ అవ్వాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో కొత్త యూయూఐడీలు రాసి, క్రూట్‌లోకి (ఆ డ్రైవ్‌నే రూట్‌గా భావించి కమాండ్లు నడిపే పద్ధతి) వెళ్లి గ్రబ్‌ని ఆ డ్రైవ్ మీదే ఇన్‌స్టాల్ చేశాను. కెర్నల్ లైన్‌లో రూట్‌డిలే 10 కూడా చేర్చాను. డ్రైవ్ తిరగడం మొదలయ్యేదాకా ఆగాలి కదా.

మళ్లీ డిస్కులు లాగి, పవర్ నొక్కి, స్క్రీన్ వదిలేసి లైటు వైపే చూస్తూ కూర్చున్నాను. పది సెకన్ల నిశ్శబ్దం తర్వాత లైటు గబగబా కొట్టుకోవడం మొదలైంది. బూట్ నెమ్మదిగా సాగింది, ఐతేనేం, ఫైండ్‌మౌంట్‌లో కొత్త యూయూఐడీ కనిపించింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆర్‌సింక్ నడుపుతాను. ఎఫ్‌స్టాబ్‌నీ, గ్రబ్ కాన్ఫిగ్‌నీ మాత్రం మినహాయిస్తాను, లేకపోతే లోపలి డిస్కు యూయూఐడీలు వచ్చి వీటి మీద కూర్చుంటాయి. కెర్నల్ మారిన వారం క్రూట్‌లో గ్రబ్ అప్‌డేట్ తప్పనిసరి. పని అవగానే డ్రైవ్ విప్పి బీరువాలో పెడతాను. దాని మీద ఒక కాగితం అంటించాను. అందులో బ్యాకప్ తీసిన తేదీ రాయను, డిస్కులు లాగేసి దీంతో చివరిసారి బూట్ చేసిన తేదీ రాస్తాను.