మేడమీద తూము

ఈపాటికి పడుకుని ఉండాలి. రేపు కుళాయి తెల్లవారకముందే వస్తుంది, ఇడ్లీకి పప్పు ఇంకా నానబోయలేదు. అయినా వదిన అన్న మాట ఒకటి పొద్దుటినుంచి కెలుకుతోంది. రాసేస్తే గాని నిద్ర పట్టేలా లేదు.

"విశ్వాసంలో చల్లబడిపోతున్నావమ్మా, కాస్త చూసుకో."

కంచరపాలెం మెట్టు దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను చేసి మరీ అన్న మాట ఇది. కారణం, సంఘంలో శుక్రవారం జరిగే ఉపవాస కూడికకు నేను వెళ్లకపోవడం. పదకొండింటికి మొదలై రెండు దాటాక ముగిసే కూడికకు ఉద్యోగం చేసుకునే మనిషి ఎలా హాజరవుతుందో, ఆ కిటుకేదో వదినే నేర్పితే నేర్చుకుంటాను. "దేవునికి నువ్వు సమయం ఇవ్వకపోతే ఆయన నీకెందుకిస్తాడు?" అని కూడా అంది. దేవుడేమైనా వడ్డీ వ్యాపారా అని నోటిదాకా వచ్చింది. ఇంతలో బస్సు వచ్చింది, ఎక్కేశాను.

జనవరిలో సంఘంలో అందరికీ ఒక కార్డు ఇచ్చారు. బైబిలులో 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే ఏడాదికి పూర్తవుతాయి. లెక్కలో తప్పేమీ లేదు. ఆదికాండం చకచకా సాగింది, నిర్గమకాండంలో గుడారం కొలతల దగ్గర నడక మందగించింది, లేవీయకాండంలో చతికిలబడ్డాను. వదిన ఎప్పుడో కీర్తనల్లోకి వెళ్లిపోయింది. కనబడినప్పుడల్లా "ఎక్కడున్నావు?" అని అడుగుతుంది. నేను "ఇంట్లోనే" అంటాను.

ఇక ఆ గులాబీల సంగతి. తెల్లవారుజామున ఐదింటికల్లా ఫోనులో వదిన పంపే ఒక గులాబీ, దాని మీద మంచు బొట్టు, దాని కింద సగం వచనం. ఎప్పుడూ సగమే. భయపడవద్దని ఉంటుంది, ఎవరితో ఏ సందర్భంలో అన్నారో ఉండదు. వాగ్దానం ఉంటుంది, దాని ముందున్న షరతు ఉండదు. రోజూ పాతపోస్టాఫీసు దగ్గర బస్సు దిగే మనిషిని కనుక నాకు ఇది ఇంకాస్త ఎక్కువ బాధ. ఈ విశాఖపట్నంలోనే కదా 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు ఇద్దరు, క్రాన్, డెస్‌గ్రాంజెస్ అని, వచ్చి తెలుగు నేర్చుకుని, క్రైస్తవం పుచ్చుకున్న బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. క్రాన్ 1809లో పోయాడు, రెండో ఆయన మరుసటి ఏడు. అచ్చయిన తెలుగు సువార్తను ఇద్దరిలో ఎవరూ చేత పట్టుకోలేదు. కొత్త నిబంధన మొత్తం అచ్చయి వచ్చేసరికి 1818 అయింది. అంత పాటుపడి ముందూ వెనకా కలిపి అందించిన వాక్యాన్ని మనం ముక్క కోసి పువ్వుకు అంటిస్తున్నాం.

మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక వదినకు జవాబు పెడదామని ఫోనులో బైబిలు తెరిచాను. నాకు కావలసింది ఆవగింజ. ఆవగింజంత విశ్వాసం ఉంటే చాలని ప్రభువే అన్నాడు కదా, కొలవడానికి నువ్వెవరివి అని, పువ్వులేమీ లేకుండా పంపుదామని. లూకా సువార్త పదిహేడో అధ్యాయంలో దొరికింది. కాని పైన నాలుగు వచనాలు చదవకుండా పంపితే నాకూ వదినకూ తేడా ఏముంటుందని తెరను కాస్త పైకి జరిపాను. అక్కడ ఇరుక్కున్నాను.

"మా విశ్వాసము వృద్ధిపొందించుము" అని యేసును ఆయన శిష్యులైన అపొస్తలులు అడిగింది ఎప్పుడో చూశారా? పడవ మునిగిపోతున్నప్పుడు కాదు, రోగి మంచం పక్కన కాదు. ఒకడు ఒక్క రోజులో నీ పట్ల ఏడుసార్లు తప్పు చేసి, ఏడుసార్లూ వచ్చి మారుమనస్సు పొందానంటే ఏడుసార్లూ క్షమించాలి అని ఆయన చెప్పగానే. బెంబేలెత్తి అడిగినట్టుంది. ఆ అడిగినదానికి జవాబే ఆవగింజ. చిన్నప్పటినుంచి ఆవగింజ మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో! కొండలు కదిలాయి, అప్పులు తీరాయి, వీసాలు వచ్చాయి. ఈ ఏడుసార్ల గొడవను ఆవగింజ పక్కన పెట్టి చెప్పినవారు ఒక్కరూ గుర్తుకు రావడం లేదు.

వదినకు జవాబు పంపలేదు. మనసు కరిగి కాదు, భోజన విరామం అయిపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే చీర.

మా పై వాటాలో ఉండే మేడమీద ఆవిడ గురించి ఇదివరకూ రాశాను. శుక్రవారం గడప కడిగి పసుపు రాసుకుంటుంది. చక్కగా రాసుకోవచ్చు, ముగ్గు కూడా ఎంతో బాగా వేస్తుంది. నా బాధ మతం గురించి కాదు, తూము గురించి. వాళ్ల వసారా తూము గోడనుంచి జానెడు మాత్రమే బయటికి ఉంది. పైన నీళ్లు పోస్తే సరాసరి మా దండెం మీదికే దూకుతాయి. ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారపు ఆరాధనకు కట్టుకుందామని గంజి పెట్టి ఆరేసిన తెల్లచీర, అమ్మ పొందూరునుంచి తెప్పించిన నూలు చీర. కుచ్చిళ్ల దగ్గరంతా పసుపు చుక్కలు. సబ్బు పెట్టగానే చుక్కలన్నీ కుంకుమరంగుకు తిరిగాయి. పసుపు గుణమే అంత, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, ఎండకు తప్ప దేనికీ లొంగదు. రేపు ఒక్కరోజు ఎండ ఏమాత్రం పనిచేస్తుందో. ఈ మబ్బూ ఈ ఉక్కపోతా చూస్తే నాకు ఆశ లేదు.

తమాషా ఏమిటంటే నేను చతికిలబడ్డ లేవీయకాండం పదమూడో అధ్యాయంలో ఉన్నది ఇదే బాగోతం. బట్ట మీద పచ్చగానో ఎర్రగానో పొడ కనబడితే యాజకుడికి చూపించాలి. ఆయన దాన్ని ఏడు రోజులు విడిగా పెట్టి చూడాలి. పొడ అలాగే ఉంటే ఉతికించి మరో ఏడు రోజులు. నా చీర ఒక్క పూటలో పచ్చనుంచి ఎరుపుకు వెళ్లింది. పాస్టరు గారికి చూపించి వస్తానని అంటే అత్తయ్య నవ్వనైనా నవ్వలేదు. "ఆయనకు వేరే పని లేదా?" అన్నారు.

చీర పట్టుకుని మెట్లెక్కాను. ఆవిడ తలుపు తీసింది, చీర వైపు చూసింది. "అయ్యో, చూసుకోలేదండీ!" చిన్నవాడి యూనిఫాం మీద పడినప్పుడూ ఇదే మాట, అత్తయ్య ఎండబెట్టిన గుమ్మడి వడియాలు తడిసినప్పుడూ ఇదే మాట. వెంటనే "రండి, కాఫీ తాగుదురుగాని" అంటుంది. న్యాయంగా చూస్తే ప్రతిసారీ క్షమించమనే అడుగుతోంది. ఏడుసార్లు తిరిగి వచ్చేవాడు అనగానే నేను ఎప్పుడూ తప్పిపోయిన కుమారుడిలా చినిగిన బట్టలతో, కన్నీళ్లతో వచ్చేవాడిని ఊహించుకున్నాను. కాఫీ తాగమంటూ వస్తాడని ఎవరు అనుకుంటారు?

తాగలేదు. పని ఉందని దిగి వచ్చేశాను.

ఇలాంటప్పుడే అమ్మ గుర్తుకు వస్తుంది. అమ్మ ఏ కార్డు మీదా టిక్కులు పెట్టలేదు. అసలు హుద్‌హుద్ తుపాను రోజున అమ్మను చూడాలి మీరు.

2014 అక్టోబరు 12, ఆదివారం. చిన్నవాడికి మూడో నెల, నేను చినవాల్తేరులో అమ్మ దగ్గరే ఉన్నాను. ఆరాధన లేదని ముందు రోజే చెప్పారు. ఇంట్లోనే చేసుకుందామని నాన్న కీర్తనల పుస్తకం తెరిచి మొదటి చరణం ఎత్తుకున్నారు. గాలికి ఆయన నోరు కదలడం తప్ప మాకేమీ వినబడలేదు. తలుపుకు బల్ల అడ్డం పెట్టి నేనూ తమ్ముడూ దాని మీద కూర్చున్నాం. గడప కిందనుంచి నీళ్లు చిమ్ముతుంటే అమ్మ పాత దుప్పట్లు చుట్టచుట్టి కుక్కుతోంది, తడిసినవి బకెట్లోకి పిండుతోంది, మళ్లీ కుక్కుతోంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. తుపాను కన్ను ఊరి మీదికి వచ్చిందని తరువాత తెలిసింది, అప్పుడు మాత్రం వీధిలో అందరూ గండం గడిచిందనుకుని బయటికి వచ్చారు. పెరట్లోకి వెళ్లి చూస్తే మా వేపచెట్టు వేళ్లతో సహా పెల్లగిల్లి పక్కింటి రేకుల మీద పడి ఉంది. ఆ పక్కింటితో గోడ తగాదా, ఏళ్ల తరబడి మాటల్లేవు. అమ్మ గోడ దగ్గరికి వెళ్లి "పిల్లల్ని తీసుకుని ఇవతలికి వచ్చేయండి, గాలి మళ్లీ లేస్తుందంటున్నారు" అని కేకేసింది. వచ్చారు. నిజంగానే కాసేపటికి అవతలి దిక్కునుంచి గాలి అందుకుంది.

పక్కింటావిడ కొంగు కింద దాచి తెచ్చింది సింహాచలం అప్పన్న పటం. ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడింది. మా ఇంట్లో తడి లేని చోటు బైబిలు పెట్టే గూడు ఒక్కటే. అమ్మ బైబిలును పక్కకు జరిపి, తువ్వాలు మడత వేసి పరిచి, "ఇక్కడ పెట్టమ్మా, తడవదు" అంది. కరెంటు లేని ఆ రోజుల్లో పాల ప్యాకెట్టు దొరకడం గగనమైతే పక్కింటావిడ తమ్ముడు పెందుర్తి వైపునుంచి సైకిలు మీద పాలు తెచ్చేవాడు. అందులో సగం మాకే పోసేది.

ఇక్కడిదాకా రాసి ఆగాను. అమ్మను చూపించి వదిన నోరు మూయిద్దామని మొదలుపెట్టిన కథ ఇది. కాని ఆ చెట్టు ఎవరిది? మాదే. కొమ్మలు రేకుల మీదికి వస్తున్నాయి, కొట్టించండి అని వాళ్లు అడుగుతూనే ఉన్నారు, అమ్మ ససేమిరా అంటూనే ఉంది. గోడ తగాదాలో సగం ఆ కొమ్మలదే. దేవుడు కాపాడాడని నాన్న సంఘంలో సాక్ష్యం చెప్పినప్పుడు గాలి సంగతి చెప్పారు, పక్కవారిని చేర్చుకున్న సంగతి చెప్పారు, చెట్టు మాదని చెప్పలేదు. దీపావళి రాకముందే కొత్త రేకుల డబ్బు ఎవరు పెట్టుకోవాలని తగాదా మళ్లీ లేచింది. చెట్టు పడింది గాలికి, మేము తోశామా అని అమ్మ. నాన్న చెప్పాపెట్టకుండా సగం డబ్బు ఇచ్చి వచ్చారు, అది తెలిసి అమ్మ రెండు పూటలు ఆయనతో మాట్లాడలేదు. లూకాలోనూ చెట్టే ఉంది, కొండ కాదు. ఆవగింజంత విశ్వాసంతో చెబితే వేళ్లతో లేచి సముద్రంలో నాటుకుంటుందట. మాకు సముద్రం నడిచి వెళ్లేంత దూరమే. మా చెట్టు మాత్రం పక్కింటి కప్పు చూసుకుని పడింది.

కనుక అమ్మ ఆదర్శం అంటే ఎంతవరకు అన్నది నాకిప్పుడు తెలియడం లేదు. ఆ తువ్వాలు మడతా ఆవిడదే, ఆ రేకుల పేచీ కూడా ఆవిడదే.

అన్నట్టు ఇది అన్నిటికన్నా ముందు రాయవలసింది. మా ఆయన గడ్డ పరీక్ష రిపోర్టు వచ్చింది. భయపడాల్సిందేమీ లేదన్నారు. దేవునికి స్తోత్రం. అడిగినవారికీ ప్రార్థించినవారికీ వందనాలు.

ఆ రిపోర్టు కోసం చీకటితో వెళ్లి ఆసుపత్రి దగ్గర టోకెను వరుసలో నిలబడింది వదినే. నాకు సెలవు దొరకదని, నన్ను అడగనైనా అడగకుండా వెళ్లింది. సాయంత్రం ఫలితం చెబితే ఫోనులో ఏడ్చేసింది, పొద్దున్న అన్న మాట తనకు గుర్తున్నట్టు కూడా లేదు. పైన గులాబీల పేరా తీసేద్దామా అనుకుని ఉంచేశాను. ఆ గులాబీలు నిజంగానే బాగుండవు. కాని ఆవిడ గుచ్చి ఉండకపోతే నేను ఇవాళ ఆ అధ్యాయం తెరిచేదాన్ని కాదు. అది కూడా ఒప్పుకోవాలి, చిరాగ్గానే.

ఆవగింజ కింద ఇంకొక ముక్క ఉంది, బియ్యం కడుగుతుంటే గుర్తుకు వచ్చింది. పొలం దున్ని ఇంటికి వచ్చిన దాసుడిని ఏ యజమానీ కూర్చుని తినమనడు, ముందు నాకు వండి వడ్డించు, తరువాత నువ్వు తిను అంటాడు. అంతా చేశాక ఆ దాసుడు, చేయవలసిందే చేశానని అనుకోవాలట. ఆఫీసునుంచి వచ్చి చెంగు దోపుకుని పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి తలపుకు రావలసిన వాక్యమేనా ఇది! ఒళ్లు మండింది. కాసేపటికి ఇంకోలా తోచింది. విశ్వాసం పెంచమని వాళ్లు అడిగితే ఆయన పెంచుతానని ఎక్కడా అనలేదు. ఉన్నది చాలు, వెళ్లి వంట చూడు అన్నట్టుంది. నేను మూడు అధ్యాయాలు చదివితే లోపల ఏదో నిండాలని, నిండాక మేడమీద ఆవిడ మీద ప్రేమ పుట్టుకు రావాలని ఎదురుచూస్తున్నాను. ఆ వరుస తిరగబడి ఉందేమో. లేదా నిద్రమత్తులో నాకు అలా తోస్తోందేమో. వదిన అయితే రెండూ కావాలంటుంది, అందులో తప్పు పట్టడానికి ఏమీ కనబడటం లేదు.

ఒకటి మాత్రం ఊరటగా ఉంది. క్షమించమన్న వచనంలోనే ముందు "గద్దించుము" అని ఉంది. అంటే నోరు మూసుకుని చీరలు ఉతుక్కోమని కాదు.

మా ఆయనకు తూము చూపించాను. దానికి ఒక వంపు ముక్క, నాలుగడుగుల పైపు తగిలిస్తే నీళ్లు గోడ వెంబడి కాలువలోకి దిగిపోతాయన్నారు. రేపు పూర్ణా మార్కెట్ వైపు పని ఉంది, తెచ్చేస్తానన్నారు. డబ్బు వాళ్లను అడుగుదామా అంటే "పైపు ముక్కకా?" అని నవ్వి అటు తిరిగి పడుకున్నారు. ఈయనది అచ్చం మా నాన్న బుద్ధే, చూస్తూనే ఉన్నాను. గద్దించడం గురించి ఉంది, క్షమించడం గురించి ఉంది, పైపు ఎవరు కొనాలన్నది మాత్రం లూకా రాయలేదు. రేపు పైకి వెళ్లి కాఫీ తాగుతాను, పైపు బిగించే సంగతి చెబుతాను. డబ్బు అడగకూడదనే ప్రస్తుతానికి అనుకుంటున్నాను. ఆవిడ మళ్లీ "చూసుకోలేదండీ" అంటే మాత్రం అడుగుతాను.