గాయం వేరు, జబ్బు పేరు వేరు

పదహారో ఏట నా ఓపీ చీటీ మీద డాక్టరుగారు రెండు ముక్కలు రాశారు. మొదటిది, తనను తాను గాయపరచుకోవడం. రెండోది, బోర్డర్‌లైన్ అనే వ్యక్తిత్వ సమస్య లక్షణాలు, పక్కన ఒక ప్రశ్నార్థకం. ఇంట్లో అందరం ఆ ప్రశ్నార్థకాన్ని వదిలేసి రెండింటినీ ఒకే జబ్బుగా చదువుకున్నాం. నా వైద్యం ఆలస్యం కావడానికి సగం కారణం అదే. ఇప్పుడు నాకు ఇరవై ఏడు. గాయపరచుకోవడం మానేసి ఎనిమిదేళ్లు. విశాఖలో ఇలాంటి పిల్లలున్న ఇళ్లకు పనికొస్తుందని, తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

ఈ గాయాలు ప్రతిసారీ చావు కోసం కాదు. లోపల ఎగసిన బాధ భరించలేనంత అయినప్పుడు దాన్ని దించుకోవడానికి చేసే పని. కొందరికి తలకిందులు: ఏమీ అనిపించని మొద్దుతనం నుంచి బయటపడటానికి. కాసేపు తేలికపడుతుంది, అందుకే అలవాటై కూర్చుంటుంది. ఆ తేలిక పోగానే సిగ్గు, సిగ్గుతో దాపరికం, దాపరికంతో ఒంటరితనం, మళ్లీ అదే బాధ. మే నెల ఉక్కపోతలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పని పిల్ల కనిపిస్తే తిట్టే ముందు ఆగండి. చావు కోసం కాకపోయినా, ఇలా చేసుకునేవాళ్లకి ముందుముందు ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. కాబట్టి "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం నిజం కాదు.

ఇక బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే బీపీడీ. మానసిక జబ్బులకు పేరు పెట్టడానికి డాక్టర్లు చూసే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పుస్తకంలో దీనికి 9 లక్షణాలు ఉన్నాయి, కనీసం 5 ఉంటేనే ఆ పేరు పెట్టాలి. పదేపదే గాయపరచుకోవడం, ఆత్మహత్య ప్రయత్నాలు, బెదిరింపులు కలిపి ఆ తొమ్మిదిలో ఒకే ఒక్కటి. మిగతావి: వదిలేస్తారేమోనన్న విపరీతమైన భయం, ఒకే మనిషి పొద్దున దేవుడిలా సాయంత్రం శత్రువులా కనిపించే బంధాలు, నేనెవరో నాకే నిలకడగా తెలియకపోవడం, ముందూవెనకా చూడని పనులు, గంటల్లో మారిపోయే మనసు, తీరని ఖాళీతనం, అదుపు తప్పే కోపం, ఒత్తిడి పెరిగినప్పుడు కాసేపు అందరినీ అనుమానించడం లేదా తన నుంచి తానే విడిపోయినట్టు ఉండటం. పద్దెనిమిది నిండనివాళ్లలో ఇవి కనీసం ఏడాది పాటు కొనసాగాలి. 2013లో వచ్చిన ఆ పుస్తకం ఐదో కూర్పులో, చావు ఉద్దేశం లేని స్వీయగాయాన్ని ఇంకా పరిశోధించాల్సిన వేరే సమస్యగా విడిగా చేర్చారు. ఏడాదిలో 5 రోజులో అంతకన్నా ఎక్కువో జరగాలన్నది దాని కొలత.

రెండూ ఎంతవరకు కలుస్తాయి? ఆసుపత్రిలో చేరిన 89 మంది, 12 నుంచి 17 ఏళ్ల పిల్లల మీద 2006లో ఒక అధ్యయనం వచ్చింది. అందరూ గాయపరచుకున్నవాళ్లే. వాళ్లలో బీపీడీ కొలతకు సరిపోయినవాళ్లు సగం మంది. ఆసుపత్రి దాకా రావలసి వచ్చిన పిల్లల్లోనే సగమంటే, బయట ఉన్నవాళ్లలో ఇంకా తక్కువే ఉంటుంది. అంటే గాయం చూసి జబ్బు పేరు చెప్పడం కుదరదు. డిప్రెషన్, ఇంట్లోనో బయటో జరిగిన వేధింపు, ఏకాగ్రత, నిలకడ కుదరని ఏడీహెచ్‌డీ, ఇంటర్ హాస్టల్ ఒత్తిడి, ఏదైనా వెనక ఉండొచ్చు.

అసలు తేడా గాయాల మధ్య రోజుల్లో దొరుకుతుంది. నన్ను చూసిన డాక్టరుగారు గాయాల గురించి అయిదు నిమిషాలు అడిగి, మిగతా ముప్పావుగంట వాటి మధ్య రోజుల గురించే అడిగారు. స్నేహితురాలు మెసేజ్‌కి రెండు గంటలు జవాబివ్వకపోతే ఏమవుతుంది? కోపం వచ్చాక దిగడానికి ఎంతసేపు పడుతుంది? గొడవ లేని రోజున మనసు ఎలా ఉంటుంది? డిప్రెషన్‌లో దిగులు వారాల తరబడి ఒకేలా ఉంటుంది. పట్టలేని హుషారు, దిగులు మార్చిమార్చి వచ్చే బైపోలార్‌లో మనసు రోజులు, వారాల లెక్కన మారుతుంది. బీపీడీలో గంటల్లో మారుతుంది, దాదాపు ప్రతిసారీ వెనక ఒక మనిషితో జరిగిన విషయం ఉంటుంది. ఈ మాటలు అమ్మానాన్నల ముందు పిల్లలు చెప్పరు. కాబట్టి డాక్టరు కొంతసేపు పిల్లతో ఒంటరిగా మాట్లాడతానంటే అడ్డుపడకండి.

పేరు తేలే వరకూ వైద్యం ఆగక్కర్లేదు, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. రెండింటికీ మొదటి మెట్టు ఒకటే: ఎగసిన బాధను గాయం లేకుండా దించడం. దీనికి ఎక్కువ ఆధారాలున్న వైద్యం డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, డీబీటీ; బాధను తట్టుకునే పనులు నేర్పి సాధన చేయించే పద్ధతి. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షా లైన్‌హన్ దీన్ని తయారుచేశారు. తన యవ్వనంలో తానూ ఇలాగే గాయపరచుకుని ఆసుపత్రిలో గడిపానని 2011లో ఆవిడ బయటికి చెప్పారు. పిల్లల కోసం మలిచిన డీబీటీలో అమ్మానాన్నలు కూడా తరగతిలో కూర్చుంటారు. నార్వేలో 77 మంది పిల్లలతో చేసిన 19 వారాల ప్రయోగంలో గాయాలు మామూలు వైద్యం కన్నా బాగా తగ్గాయి, 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. పూర్తి డీబీటీ బృందం నాకు దొరకలేదు. ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర అందులోని పనులు నేర్చుకున్నాను.

రోజూ రాత్రి ఒక కార్డు నింపాలి: ఈ రోజు గాయపరచుకోవాలనే కోరిక సున్నా నుంచి అయిదు వరకు ఎంత, బాధ ఎంత, ఖాళీతనం ఎంత, నిద్ర ఎన్ని గంటలు, నేర్చుకున్న వాటిలో ఏది వాడాను. వారం కార్డులు పక్కపక్కన పెడితేనే నాకు నిద్ర అయిదు గంటలకు తగ్గిన మర్నాడు కోరిక నాలుగు దాటుతోందని తెలిసింది. ఒకవేళ గాయం జరిగిపోతే, దానికి ముందు గంటల్లో ఏం జరిగిందో గొలుసులా లింకు లింకుగా రాయాలి. ఏ లింకు దగ్గర వేరేగా చేయగలిగేదాన్నో చూడాలి.

కోరిక నాలుగు, అయిదుకి చేరినప్పుడు ఆలోచించే పనులు పనిచేయవు, ఒంటితో చేసేవే పనిచేస్తాయి. స్టీలు బేసిన్‌లో చల్లటి నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి ముఖాన్ని కళ్ల దాకా 30 సెకన్ల పాటు ముంచితే గుండె వేగం తగ్గుతుంది. నీళ్లు 10 డిగ్రీల కన్నా చల్లగా ఉండకూడదు. గుండె జబ్బున్నవాళ్లు, తిండి మానేసి చిక్కిపోతున్న పిల్లలు డాక్టరును అడక్కుండా ఇది చేయకూడదు. ఇది కుదరకపోతే అపార్ట్‌మెంటు మెట్లు రొప్పు వచ్చేదాకా ఎక్కి దిగడం. తర్వాత నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, అయిదారు నిమిషాలు. ఇవి ప్రశాంతంగా ఉన్న రోజుల్లో సాధన చేయకపోతే అవసరమైన రోజు గుర్తే రావు. చాలామంది ఇక్కడే తప్పి, "పనిచేయలేదు" అని వదిలేస్తారు.

ఇంట్లో జరిగే తప్పులు చాలా ఉన్నాయి. మళ్లీ చేయనని నెత్తిమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించడం మొదటిది. ఒట్టు తప్పిన సిగ్గే తర్వాతి గాయానికి కారణం అవుతుంది. రోజూ చేతులు చాపించి చూడటం, "డ్రామాలాడుతోంది" అని బంధువుల ముందు అనడం, గాలి సోకిందని తిప్పడం, పెళ్లి చేస్తే సర్దుకుంటుందనడం ఇంకో వరస. పనిచేసేది చిన్నది: "నీకు ఇప్పుడు చాలా కష్టంగా ఉందని తెలుస్తోంది" అని ఒక్క మాట చెప్పి, సలహా ఇవ్వకుండా పక్కన కూర్చోవడం. బాధను ఒప్పుకున్నంత మాత్రాన చేసిన పనిని ఒప్పుకున్నట్టు కాదు. తాతయ్య బీపీ మాత్రలతో సహా ఇంట్లో మందులన్నీ తాళం వేసి, రోజుకు సరిపడా పెద్దవాళ్లే ఇవ్వాలి. గాయం కనిపిస్తే పసుపు, కాఫీపొడి అద్దకండి. మంచినీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు ఆపకుండా నొక్కి పట్టండి. అయినా రక్తం ఆగకపోతే, లోతుగా ఉంటే వెంటనే క్యాజువాలిటీకి వెళ్లండి. ధనుర్వాతం ఇంజెక్షన్ (టీటీ) సంగతి అక్కడ అడగండి.

మందుల మీద నా మాట గట్టిగా చెబుతాను. బీపీడీని నయం చేసే మాత్ర లేదు. వెంట ఉన్న డిప్రెషన్‌కి, ఆందోళనకి మందు అవసరం కావచ్చు. కానీ ప్రతి సంక్షోభానికి ఒక మాత్ర కలుపుతూ పోతే ఏడాదికి చీటీలో అయిదు ఉంటాయి, దేనివల్ల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. ఏ మాత్ర ఎందుకు, ఎప్పుడు ఆపుతారు అని మొదటి రోజే అడగండి. సొంతంగా మాత్రం ఆపకండి.

విశాఖలో చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. "పిచ్చాసుపత్రికి తీసుకెళ్లారంట" అనే మాటకు భయపడి వెళ్లకపోవడం వల్ల ఎన్నో నెలలు పోతాయి. కౌన్సెలరు దగ్గరికి వెళ్తే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉన్న క్లినికల్ సైకాలజిస్టు అవునో కాదో అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు. పోలీసు కేసు అవుతుందని దాచుకోనక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్య ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, విచారించి శిక్షించకూడదు.

బాగుపడటం ఒక వరసలో జరుగుతుంది. బీపీడీ ఉన్న 290 మందిని అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రి పరిశోధకులు ఏళ్ల తరబడి గమనిస్తే, పదేళ్లలో పదిలో తొమ్మిది మందికి పైగా కనీసం రెండేళ్ల పాటు ఆ జబ్బు కొలతల నుంచి బయటపడ్డారు. గాయపరచుకోవడం లాంటివి ముందు తగ్గుతాయి. ఖాళీతనం, వదిలేస్తారనే భయం నిదానంగా పోతాయి. నా కార్డుల్లోనూ అలాగే ఉంది. కోరిక గడిలో ఏళ్లుగా సున్నా. ఖాళీతనం గడిలో మాత్రం కొన్ని ఆదివారం సాయంత్రాలు ఇంకా రెండు వేస్తుంటాను.